వాడుకలో లేనివి

ఫిబ్రవరి 3

ఇవాళ పాత కమాండ్లన్నీ పీకి పారేశాను. పీడ విరగడైంది.

ఎన్నేళ్ళుగా మోస్తున్నాం వాటిని. అల్లిక యంత్రంలో ఏ సూది కదలాలో ఏది ఆగాలో చెప్పే ప్రోగ్రాం, అంతే కదా, దానికి ఒకే పనికి రెండేసి కమాండ్లు ఎందుకు? సూదుల్ని కాసేపు ఆపి ఉంచడానికి పాతకాలపు ‘హోల్డ్’ ఒకటి, దాని బదులు మేమే తెచ్చిన ‘పార్క్’ ఒకటి. కొత్తది వచ్చాక కూడా పాతదాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఎక్కడో ఎవరో వాడుతున్నారేమోనని జంకు. అందరికీ ఉచితంగా ఇచ్చేసిన ప్రోగ్రాం, ఎవరి దగ్గర నడుస్తోందో మాకు తెలిసే దారి లేదు. అందుకే మాలో ఒక పద్ధతి ఉంది. ఫలానాది తీసేస్తున్నామని అందరూ చూసే పేజీలో పెడతాం, గడువిస్తాం, ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పెట్టాను. గడువిచ్చాను. ఎవరూ కిక్కురుమనలేదు.

కొర్రీల మాస్టారు తప్ప. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడో లెక్కలు చెప్పి రిటైరయ్యారట, నాలాగే జీతం భత్యం లేకుండా ఈ ప్రోగ్రాంకి కాపలా కాస్తుంటారు. నేను ఉత్త నమస్కారం అని రాసినా అందులో ఒక కొర్రీ వేయగలరు. ఇవాళ్టి కొర్రీ ఏమిటంటే, మన ప్రోగ్రాం తనకు తెలియని మాట కనిపిస్తే నోరు మూసుకుని తరవాతి వరుసకు వెళ్ళిపోతుంది, హోల్డ్ తీసేశాక దాన్నీ అలాగే దాటేస్తుంది, అలా కాకుండా అక్కడే ఆగిపోయి ఎర్ర అక్షరాల్లో చెప్పాలి అని. ఏడాదిగా పసుపు అక్షరాల్లో హెచ్చరిస్తూనే ఉన్నాం మాస్టారూ, చూడాల్సినవాళ్ళు చూసే ఉంటారు, ఎర్ర అక్షరాల సంగతి వచ్చే వెర్షన్‌లో ఆలోచిద్దాం అని రాశాను. ‘సరే, మీ ఇష్టం’ అన్నారు. ఆయన అలా అన్నారంటే ఒప్పుకోనట్టే. అయినా నొక్కేశాను.

నేనేం గుడ్డిగా చేయలేదు. ఇదే ప్రోగ్రాంతో కింద గదిలో మేజోళ్ళు అల్లే మా అక్క నమూనాలన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఒక్కొక్కటే కొత్త ప్రోగ్రాంలో నడిపి చూశాను. అన్నిటికీ పచ్చటి టిక్కులే.

ఫిబ్రవరి 5

కొత్త వెర్షన్ జనంలోకి వెళ్ళింది. కింద గదిలో అక్క కంప్యూటర్‌లోకి కూడా దానంతటదే వచ్చి కూర్చుని ఉంటుంది, అలా పెట్టింది నేనే. పనికిరాని సామానంతా బయట పడేశానని అక్కకు చెప్పాను. మేజోళ్ళు మడతపెడుతూ ‘అలాగా’ అంది. ఈ ఇంట్లో నా గొప్పతనం అంతవరకే.

ఫిబ్రవరి 15

మనసేం బాగాలేదు.

పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. ఉద్యోగం మానేసి చాలా కాలమైంది కానీ అందరికీ ఆయన ఇంకా పోస్ట్‌మ్యానే. మోకాలి కింద నుంచి కాలు లేదు. కృత్రిమ కాలు కట్టుకుంటాడు, దాని లోపల తొడుక్కునే మేజోడు అక్కే అల్లి ఇస్తుంది. ఒక్కొక్కరి కొలత తీసుకుని, ఒక్కొక్కరికి వేరే నమూనా రాసుకుని అక్క చేసే పని అది. అలాంటివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు అక్క దగ్గరికి.

ఆయన స్టూలు మీద కూర్చుని కాలు విప్పాడు. మొన దగ్గర పొక్కు లేచి చితికింది. మేజోడు చివర గిన్నెలా గుండ్రంగా రావాలి, అది సంచి మూలలా చదునుగా వచ్చింది, ఆ మడత ఒరుసుకుంది. నేనే సరిగ్గా తొడుక్కోలేదేమోనమ్మా అన్నాడు, మొహమాటస్థుడు. అక్క మొహం పాలిపోయింది.

ఆయన వెళ్ళాక నమూనా తెరిచి అంకెలు చూసుకుంది. సరిగ్గానే ఉన్నాయి. మొన అల్లేటప్పుడు అల్లికకు కింద ఒక బరువు తగిలించాలి, అదొక్కటే చేత్తో చేసే పని. తగిలించాననే గుర్తు, అంది. అని, తన చేతుల వంక చూసుకుంది.

“ఆ ప్రోగ్రాంలో గానీ ఏమైనా మార్చావటే?”

“మార్చాను. నీ నమూనాలన్నీ నడిపి చూశాకే మార్చాను. నా దగ్గర అన్నీ బాగానే ఉన్నాయి.”

“అయితే నాదే అయ్యుంటుంది,” అంది అక్క.

ఫిబ్రవరి 19

మళ్ళీ రెండు చెడిపోయాయి. రెండూ కాలివే. చేతికి తొడుక్కునేవి, రెండు వైపులా తెరిచి ఉండేవి, అద్దంలా వచ్చాయి. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు.

అమ్మకీ ఇలాగే మొదలైందట. అక్కే చెప్పింది, అల్లిక విప్పుతూ, నా వైపు చూడకుండా. కొన్నాళ్ళు నిక్షేపంగా ఉండేదట, ఉన్నట్టుండి కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదట. ఆ తరవాత అన్నీ తెలిసినవే. చివరి రోజుల్లో అమ్మ పొద్దున లేస్తూనే అక్కను తిట్టడం మొదలుపెట్టేది. నా కళ్ళజోడు నువ్వే దాచావు, నా తాళాలు నువ్వే తీశావు, నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నావు అని. నేను వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాను. ఫోన్లో విన్నాను, అంతే. అక్క విన్నది రోజూ.

“మర్చిపోవడం కాదే నా భయం. అమ్మలా నోరు చేసుకుంటానేమోనని.”

టీ పెట్టడానికి లేచాను.

ఫిబ్రవరి 22

అక్క ఇవాళ టీలో చక్కెర వేయడం మర్చిపోయింది.

నేనూ మర్చిపోతుంటాను. అది వేరు.

ఫిబ్రవరి 26

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. బొమ్మలు చూపించింది, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమంది, గడియారం గీయమంది. అక్క గీసిన గడియారం గోడకు తగిలించుకోవచ్చు, అంత చక్కగా ఉంది. నాకేమీ కనిపించడం లేదు, నిద్ర సరిగ్గా పోండి, కొన్నాళ్ళాగి మళ్ళీ రండి అంది. అక్క ముఖం కాస్త విప్పారింది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. బయటికొచ్చే ముందు వెనక్కి వెళ్ళి, మొదట్లో ఒక్కోసారి పట్టుబడదేమో కదా అని అడిగాను. ఒక్కోసారి పట్టుబడదు, అంది. ఆ ఒక్క ముక్కా పట్టుకుని ఇంటికొచ్చాను. దారిలో అక్కకు చెప్పాను కూడా. ఎందుకు చెప్పాను? జాగ్రత్తగా ఉంటుందని. అంతే.

ఫిబ్రవరి 29

ఇల్లంతా చీటీలు.

పొద్దున లేచేసరికి వంటగదిలో, తలుపుల మీద, స్విచ్చుల దగ్గర, ఎక్కడ చూస్తే అక్కడ అక్క గుండ్రటి రాత. ‘గ్యాస్ కట్టెయ్యి.’ ‘ఇది ఉప్పు, చక్కెర కాదు.’ ‘మాత్ర పొద్దునే వేసుకున్నావు, మళ్ళీ వేసుకోకు.’ ‘తాళం కుడి జేబు.’ కింద యంత్రం మీద పెద్ద అక్షరాలతో ‘బరువు తగిలించావా?’ అని. దాని కింద చిన్నగా ‘మళ్ళీ చూడు.’ దాని కింద ఇంకా చిన్నగా ‘మళ్ళీ.’

ఇప్పుడెందుకక్కా ఇవన్నీ అన్నాను. రాయగలిగినప్పుడే రాసి పెట్టుకోవాలి కదే, అంది, మామూలుగా, రేపటికి కూరగాయలు తెచ్చి పెట్టుకోవాలి అన్నట్టు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. కొళాయి మీద కూడా చీటీ ఉంది.

మార్చి 3

అక్క ఇక అల్లనంది. ఒకళ్ళ పుండు మీద ప్రయోగాలు చేసే హక్కు నాకు లేదంది. ఎదురింటి టైలరమ్మకు ఎప్పటి నుంచో ఆ యంత్రం మీద కన్ను. ఆమెకు వాడుకోమని ఇచ్చేస్తుందట, శనివారం మనుషుల్ని తీసుకొచ్చి పట్టుకెళ్తుందట. ఆమె పిల్లల స్వెట్టర్లు అల్లుకుంటుంది. మరి నీ దగ్గరికొచ్చేవాళ్ళ సంగతేమిటంటే, అక్క కొలతల పుస్తకం తీసి సొరుగులో పెట్టేసింది.

మంచిదేలే, విశ్రాంతి తీసుకో అన్నాను. ఆఫీసులో ఇకమీద రోజూ ఇంటి నుంచే పని చేస్తానని అడుగుతాను, వంట నేను చూస్తాను, మాత్రలు నేనిస్తాను. అమ్మప్పుడు నేను లేను. ఈసారి ఉంటాను. ఇలా అనుకుంటే ఏదో బరువు దిగినట్టుంది. ఇంత దుఃఖంలో ఇదేం హాయో నాకే అర్థం కాలేదు, రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

యంత్రం లేని కింద గది ఎలా ఉంటుందో ఊహకు రావడం లేదు. ఆ గరగర వింటూనే కదా నేను పైన పని చేసుకునేది.

మార్చి 6

కొర్రీల మాస్టారి దగ్గర నుంచి ఉత్తరం. ఎవరో ఒకాయన టోపీలు అల్లుతాడట. కొత్త వెర్షన్ వచ్చినప్పటి నుంచీ టోపీ నడినెత్తి గుండ్రంగా రాకుండా చదునుగా వస్తోందట. నడినెత్తి గుండ్రంగా తిరగడానికి కొన్ని సూదుల్ని ఆపే చోట పాత నమూనాలో హోల్డ్ ఉంది, ప్రోగ్రాం దాన్ని చప్పుడు చేయకుండా దాటేస్తోంది, పాపం ఆయన తన యంత్రం చెడిపోయిందనుకుని మొత్తం విప్పి పెట్టుకున్నాడు అని రాశారు. చివర, తమరు చెప్పిన వచ్చే వెర్షన్ ఎప్పుడొస్తుందో సెలవిస్తారా, అని ఒక పోటు.

నవ్వొచ్చింది. యంత్రం విప్పుకున్నాడట. చదవడం రానివాడికి ఎన్ని రంగుల్లో హెచ్చరించి ఏం లాభం అని జవాబు మొదలుపెట్టాను.

సగంలో ఆపేశాను.

టోపీ నడినెత్తి. మేజోడు మొన.

మార్చి 6, మధ్యాహ్నం

కాదు. అక్క నమూనాలన్నీ నేను నడిపి చూశాను.

మార్చి 6, సాయంత్రం

అక్క కూరగాయలకు వెళ్ళినప్పుడు కిందకి దిగి కంప్యూటర్ తెరిచాను. పోస్ట్‌మ్యాన్ నమూనా. హోల్డ్. దాని కింద హోల్డ్. కాలి మేజోళ్ళన్నిటిలోనూ మొన దగ్గర హోల్డ్. రెండు వైపులా తెరిచి ఉండే చేతివాటిలో మొనే లేదు కాబట్టి హోల్డూ లేదు. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు.

నేను నడిపి చూసినవి నా ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీలు. పరీక్షకు పనికొస్తాయని కిందటేడు వాటిలో హోల్డ్‌లన్నీ పార్క్‌లుగా మార్చింది నేనే. మార్చినవాటిని కింద అక్క కంప్యూటర్‌లో పెట్టాలనుకున్నాను. పెట్టలేదు. పెట్టాననే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. చీటీలు అంటించుకోవాల్సింది ఎవరో.

మరి పసుపు అక్షరాలు? అవీ గుర్తొచ్చాయి. పొద్దున్నే ఇది నన్నెందుకే తిడుతోంది అని అక్క విసుక్కుంటే, అవి నీ కోసం కాదులే అని నేనే కనబడకుండా చేసేశాను. ఊరందరికీ హెచ్చరిక పెట్టి, మా ఇంట్లో మాత్రం నోరు నొక్కాను. అడిగితే కదా అక్క ఒప్పుకోవడానికో కాదనడానికో.

యంత్రం మీది చీటీ నన్నే చూస్తున్నట్టుంది. బరువు తగిలించావా? మళ్ళీ చూడు. మళ్ళీ.

అక్క తగిలించింది. ప్రతిసారీ తగిలించింది.

మార్చి 7

రేపు చెప్తాను.

అక్క నమూనాలన్నీ సరిచేసి పెట్టేశాను. ఇప్పుడు అల్లితే మొన గుండ్రంగానే వస్తుంది. ఒకటి అల్లితే చాలు, తనకే ధైర్యం వస్తుంది, డాక్టరమ్మ చెప్పినట్టు నిద్ర పోతే తగ్గింది అనుకుంటుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. దాపరికం కాదు ఇది, అక్క మనసు కష్టపెట్టడం ఎందుకని.

భోజనాల దగ్గర, సరదాగా ఒకటి అల్లి చూడరాదూ, పోస్ట్‌మ్యాన్‌కి, చివరిసారి అన్నాను. వద్దంది. మళ్ళీ అన్నాను.

“నా చేతుల మీద నాకే నమ్మకం లేదే. బలవంతపెట్టకు.”

అన్నం సయించలేదు. అక్క నా కంచం వంక చూసి, నా గురించి బెంగపెట్టుకోకు అని నా వీపు నిమిరింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మార్చి 8

రేపు చెప్తాను. రేపు శనివారం.

మార్చి 9

చెప్పాను.

టైలరమ్మ ఇద్దరు మనుషుల్ని వెంటపెట్టుకుని వచ్చింది. వాళ్ళు యంత్రానికి గోనెపట్టా చుడుతున్నారు. అక్క పక్కన నిలబడి, ఆ సూదుల వరుస జాగ్రత్తమ్మా, తలకిందులుగా పెట్టకు, వారానికోసారి నూనె వేయి అని అప్పగింతలు పెడుతోంది. గొంతు వణకడం లేదు. అది చూసి నాకు ఇక ఆగలేదు. ఒక్క నిమిషం ఆగండి అన్నాను. నా గొంతే వణికింది. టైలరమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ వస్తాంలే అని మనుషుల్ని తీసుకుని బయటికెళ్ళింది. బుద్ధిమంతురాలు.

అక్కను స్టూలు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. హోల్డ్ సంగతి, కాపీల సంగతి, పసుపు అక్షరాలు. సగం అర్థమయ్యేలా చెప్పలేదేమో.

“ఇంకోసారి చెప్పు.”

మళ్ళీ చెప్పాను.

“అంటే నేను బరువు తగిలించాను.”

“తగిలించావు.”

“ప్రతిసారీ?”

“ప్రతిసారీ తగిలించావక్కా. నీ బుర్రకేమీ కాలేదు. నేనే.”

అక్క కొంగుతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తరవాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ నా ఏడుపుకి అక్కడ పెద్ద విలువ లేదు. కళ్ళు తుడుచుకుని అడిగింది.

“నీకెప్పుడు తెలిసింది?”

ఇవాళే అనొచ్చు. అనబోయాను కూడా.

“బుధవారం.”

అక్క లేచి గోనెపట్టా ముడి విప్పడం మొదలుపెట్టింది. సాయం చేయబోతే నా చేయి పక్కకు తోసింది. గట్టిగా కూడా తోయలేదు. కంప్యూటర్ తెరిచి, పోస్ట్‌మ్యాన్ నమూనా పెట్టి, బరువు తగిలించి అల్లింది. నేను మెట్ల మీద కూర్చుని ఆ గరగర విన్నాను. మొన గుండ్రంగా వచ్చింది. నాకు చూపించలేదు, తీసుకుని తనే పోస్ట్‌మ్యాన్ ఇంటికి వెళ్ళింది.

మార్చి 12

మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, బట్టలు మడతపెట్టి నా మంచం మీద ఉంచుతుంది, మాట మాత్రం లేదు. తిట్టినా బాగుండేది. అక్క తిట్టదు.

మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అని రాశాను కదూ పైన ఎక్కడో. నా మొహం.

మార్చి 14

ఎర్ర అక్షరాలు పెట్టేశాను. ఇకమీదట తీసేసిన మాట కనబడితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, దాని బదులు ఏం రాయాలో చెప్తుంది. ఇలా ఎందుకు చేయాల్సి వచ్చిందో కూడా అందరూ చూసే పేజీలో రాశాను, అక్కడ ప్రతి మార్పు పక్కనా చేసినవాళ్ళ పేరుంటుంది, ఎలాగూ దాగదు. మా అక్క తన మతి పోయిందనుకుంది అని రాశాను. టోపీల ఆయనకు విడిగా క్షమాపణ చెప్పుకున్నాను. కొర్రీల మాస్టారు చూశారు. మొదటిసారి ఏ కొర్రీ లేకుండా ఒప్పుకున్నారు. అక్కగారికి నా నమస్కారం చెప్పండి, అని కింద ఒక ముక్క.

అక్కకు చెప్పాను. ఆయన లెక్కల మాస్టారా, అంది. ఇన్ని రోజుల్లో మొదటి మాట.

మార్చి 17

పోస్ట్‌మ్యాన్ వచ్చి వెళ్ళాడు. పొక్కు ఎండిపోయింది, కొత్త మేజోడు ఉన్నట్టే తెలియడం లేదన్నాడు. అక్క ఆయనకు టీ ఇచ్చింది, చక్కెర మర్చిపోయింది. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అక్కే ముందు నవ్వింది.

ఆయన వెళ్ళాక, ఇక ఆ చీటీలన్నీ పీకెయ్యి అంది నాతో. పీకడం నీకు బాగా వచ్చు కదా, అంది. పడ్డాను. పడాల్సిందే.

అప్పటి నుంచీ అదే పని చేశాను. గోరుతో అంచు లేపి, తడిగుడ్డతో తుడిచి. ఉప్పు, గ్యాస్, తాళం, కొళాయి. యంత్రం మీది చీటీ అక్కే తీసి ఉండ చేసి పారేసింది. ఎక్కడెక్కడ అంటించిందో తనకు అన్నీ గుర్తున్నాయి, వంటగదిలో కూర్చునే చెప్తోంది, ఫ్రిజ్ వెనకాల ఒకటుంది చూడు, మెట్ల కింద ఒకటుంది చూడు అని.

అక్క బట్టల బీరువా తలుపు లోపలివైపు ఇంకొకటి కనిపించింది. దాని సంగతి తను చెప్పలేదు. రోజూ పొద్దున బీరువా తీయగానే కళ్ళెదుట పడేలా, తన కంటి ఎత్తులో అంటించుకుంది. నాలుగు మూలలా జిగురు.

‘చెల్లెలి మీద కోపం తెచ్చుకోకు. నువ్వే మర్చిపోయి ఉంటావు.’

ఒక మూల గోరుతో లేపాను. అక్క ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడిందో చూడలేదు.

“అది తీయకు,” అంది.

“ఇది అబద్ధం అక్కా. నువ్వు మర్చిపోలేదు.”

“రెండో ముక్క కొట్టెయ్యి. మొదటి ముక్క ఉండనీ. రోజూ పొద్దున దాన్ని చూసుకునే నీకు టీ పెడుతున్నాను. అదింకా వాడుతున్నాను.”

పెన్ను తెచ్చి రెండో వాక్యం కొట్టేశాను. లేపిన మూలను వేలితో నొక్కి మళ్ళీ అంటించాను.